తెలుగు మీడియం వాళ్లకి ఇంగ్లీష్ వాక్యం ఎక్కడ తేడా కొడుతుందంటే

తెలుగు మీడియంలో డిగ్రీ చేశాను, ఇంగ్లీష్ గ్రామర్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, వాక్యాల రకాలన్నీ నేర్చుకోవాలా అని అడిగారు. భావాన్ని బట్టి చూస్తే రకాలు నాలుగే: చెప్పేది, అడిగేది, ఆజ్ఞ లేదా విన్నపం, ఆశ్చర్యం. ఇవి బడిలో బట్టీపట్టే ఉంటారు, వాటి మీద ఇంక టైమ్ పెట్టకండి. చిక్కంతా అడిగే వాక్యంలో, కాదనే వాక్యంలో ఉంది.

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదటి ఉద్యోగంలో మా మేనేజర్ ఫోన్ చేసి "హ్యావెంట్ యూ సెంట్ ది రిపోర్ట్?" అన్నారు. నేను పంపలేదు. "యెస్ సర్" అన్నాను. మనలో "పంపలేదా?" అంటే "అవునండీ, పంపలేదు" అంటాం కదా, అడిగినవాళ్ల మాట నిజమేనని ఒప్పుకుంటూ. ఇంగ్లీష్‌లో ప్రశ్న ఎలా అడిగినా సరే, పని జరిగితే యెస్, జరగకపోతే నో. ఆయన పంపేశాననుకుని క్లయింట్‌కి అలాగే చెప్పేశారు, సాయంత్రానికి గానీ విషయం బయటపడలేదు. నేను అబద్ధం చెప్పానని ఆయన అనుకున్నారు, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి తెలుగు వాక్యం రాసి పక్కనే ఇంగ్లీష్ వాక్యం రాసి చూసుకోవడం మొదలుపెట్టాను. మనకి ప్రశ్న వెయ్యాలంటే చివర్లో దీర్ఘం చాలు: వచ్చాడు, వచ్చాడా. ఇంగ్లీష్‌లో డిడ్ ముందుకి రావాలి, అది రాగానే జరిగిపోయిందని చెప్పే పని అదే చూసుకుంటుంది కాబట్టి కేమ్ కాస్తా మళ్లీ కమ్ అయిపోతుంది, "డిడ్ హి కమ్?" అని. "హి డిడింట్ కమ్" కూడా అంతే. మనవాళ్లు "డిడింట్ కేమ్" అనేది ఇది తెలియకే.

ఇంకోటి, "ఆయన మా నాన్న" అన్నప్పుడు మనకి క్రియే అక్కర్లేదు, ఇంగ్లీష్‌లో ఈజ్ లేకపోతే అది వాక్యమే కాదు. అలాగని ప్రతి "ఉంది"కీ ఈజ్ పెట్టేసినా కుదరదు. చెల్లి పెళ్లి ఉందని లీవ్ లెటర్‌లో "మై సిస్టర్ మ్యారేజ్ ఈజ్ దేర్" అని రాశాను, "మై సిస్టర్ ఈజ్ గెటింగ్ మ్యారీడ్" అనాలని తర్వాత ఒక సీనియర్ దిద్దారు.

ఇంట్లో మాట్లాడే మాటల్లోంచి రోజుకి ఐదు వాక్యాలు తీసుకోండి. ఒక్కోదాన్ని వచ్చాడు, రాలేదు, వచ్చాడా, రాలేదా అని నాలుగు రకాలుగా ఇంగ్లీష్‌లో రాయండి, ఆఖరిదానికి జవాబు మాత్రం పైకే చెప్పండి. నాకు ఆ నో తడుముకోకుండా రావడానికి ఆరు నెలలు పట్టింది.