ఇల్లు తాకట్టులో ఉండగా మంచు సరస్సు చూడటానికి వెళ్లవచ్చా?

ప్రశ్న: జర్మనీలోని మ్యూనిక్‌లో ఎం.ఎస్. మొదటి ఏడాది చదువుతున్నాను. నాన్నగారు ఇల్లు తాకట్టు పెట్టి, 11 శాతం వడ్డీకి 28 లక్షల విద్యారుణం తీసుకున్నారు. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే జమచేసే ఖాతా) నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా, తిండి, నెలవారీ రైలు టికెట్టు పోగా 110 దాకా మిగులుతాయి. జనవరిలో అయిదుగురం కారు అద్దెకు తీసుకుని కోనిగ్‌జే సరస్సుకు ఒక్కరోజు వెళ్లివద్దామని స్నేహితులు అంటున్నారు. మనిషికి 60 యూరోలు అవుతుందట. వెళ్లాలని ఉంది, కానీ ఇంట్లో చెప్పడానికి నోరు రావడం లేదు.

జవాబు: వెళ్లండమ్మా. కారులో మాత్రం వద్దు, రైల్లో వెళ్లండి.

ముందు మిమ్మల్ని తొలుస్తున్న లెక్క తేల్చేద్దాం. యూరోను 100 రూపాయలనుకుంటే 60 యూరోలు 6,000 రూపాయలు. అదంతా అప్పు సొమ్మే అనుకున్నా, రెండేళ్ల బారువడ్డీ 1,320 కలిపితే 7,320 అవుతుంది. ఇక మొత్తం 28 లక్షల మీద వడ్డీ ఏడాదికి 3,08,000 రూపాయలు, అంటే రోజుకు 844. ఒక సెమిస్టర్ ఆలస్యమైతే వడ్డీయే 1,54,000. దాని మీద ఆరు నెలల బతుకు ఖర్చు మరో 5,952 యూరోలు. ఇంటికి ముప్పు తెచ్చేది ఈ ఆలస్యమే. ఒక్కరోజు ప్రయాణం ఆ ఇంటిని ఏమీ చేయదు. కాబట్టి తేదీ పెట్టుకునే ముందు చూసుకోవలసింది పరీక్షల పట్టిక. ఫిబ్రవరిలో పరీక్షలుంటే జనవరి మొదట్లోనే వెళ్లిరండి.

కారు ఎందుకు వద్దంటున్నానంటే, మంచు రోడ్డు మీద నడిపిన అనుభవం మీ అయిదుగురిలో ఎవరికీ ఉండకపోవచ్చు. ప్రమాదం జరిగితే బీమా ఉన్నా కొంత మొత్తం మీరే భరించాలని ఒప్పందంలో రాసి ఉంటుంది, అది వందల యూరోల్లో ఉండవచ్చు. మన దేశపు లైసెన్సు కూడా అక్కడ నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది.

మీ దగ్గర ఉన్నది డాయిచ్‌లాండ్ టికెట్టే అయితే (జర్మనీ అంతటా స్థానిక రైళ్లు, బస్సుల్లో చెల్లే నెలవారీ టికెట్టు; 2026లో నెలకు 63 యూరోలు, మీరున్న బవేరియా రాష్ట్రంలో విద్యార్థులకు ఇంకా తక్కువ) రైలు ఖర్చు మీరు ఇప్పటికే కట్టేశారు. ఫ్రైలాసింగ్‌లో రైలు మారి బెర్క్‌టెస్‌గాడెన్ దాకా, అక్కడి నుంచి సరస్సు వరకు బస్సులో కూడా అదే టికెట్టు చెల్లుతుంది. ఆ టికెట్టు లేని స్నేహితులు అయిదుగురి వరకు కలిసి వెళ్లే బయర్న్ టికెట్ (బవేరియా అంతటా ఒక్కరోజు చెల్లే టికెట్టు) కొనుక్కోవచ్చు. పని రోజుల్లో అది ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది కనుక శని, ఆదివారాలు మేలు. ఒక్క జాగ్రత్త: మ్యూనిక్, సాల్జ్‌బర్గ్ మధ్య అదే పట్టాల మీద దూరప్రయాణపు వేగ రైళ్లు కూడా నడుస్తాయి. తొందరలో వాటిలో ఎక్కితే మీ టికెట్టు చెల్లదు. జరిమానా కనీసం 60 యూరోలు, అంటే మీరు వెనుకాడుతున్న మొత్తమంతా.

ఇక మీకు మిగిలే ఖర్చు పడవ టికెట్టు, తిండి. పడవ టికెట్టు ముందుగా కొనకండి. పొగమంచు కమ్మి ఉంటే దగ్గరలోని మాలర్‌వింకెల్ దాకా నడవండి. అక్కడి నుంచి సరస్సు కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆకాశం తేటగా ఉంటే మాత్రం పడవ ఎక్కాల్సిందే, అక్కడ పిసినారితనం వద్దు. 1909 నుంచి ఆ సరస్సులో విద్యుత్ పడవలే నడుస్తున్నాయి, చప్పుడు దాదాపు ఉండదు. పాపికొండల మధ్య లాంచీలో వెళ్లి ఉంటే, ఆ కొండలు నిలువునా పెరిగి మంచు కప్పుకున్నట్టు ఊహించుకోండి. నడుమ పడవ ఆపి, సిబ్బందిలో ఒకరు కొండ గోడ వైపు తిరిగి బాకా ఊదుతారు. ఒక్క క్షణం ఆగి అదే రాగం కొండ నుంచి తిరిగి వస్తుంది. నేను వెళ్లినప్పుడు పసిపిల్లలు కూడా ఊపిరి బిగబట్టి విన్నారు. తర్వాత చిల్లర అడుగుతారు, ఒకటి రెండు యూరోల నాణేలు జేబులో ఉంచుకోండి.

పడవ దిగే సెయింట్ బార్తలొమేలో ఎర్రటి ఉల్లిపాయ గుమ్మటాల చర్చి, దాని వెనుక 2,713 మీటర్ల వాట్స్‌మన్ పర్వతం ఉంటాయి. అక్కడికి రోడ్డు లేదు కనుక చివరి పడవ వేళ దిగగానే చూసుకోండి. జనవరి మొదట్లో సాయంత్రం అయిదులోపే పొద్దు గుంకుతుంది. పులిహోర పట్టుకెళ్తే చలికి బిగుసుకుపోతుంది. చపాతీలు చుట్టుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్లండి.

నాన్నగారికి మాత్రం దాచకండి. మనం ఇక్కడ వేసుకున్న లెక్కే ఆయనకు ఫోనులో చదివి వినిపించండి. ఇల్లు తాకట్టు పెట్టిన మనిషికి బిడ్డ ఖర్చు పెట్టిందన్న బాధ కంటే, తనకు చెప్పడానికి భయపడిందన్న బాధ ఎక్కువగా ఉంటుంది. ఇలాంటి ఉత్తరాలు చదివీ చదివీ ఈ మాట చెబుతున్నాను.

ఫిబ్రవరి నుంచి మిగులులో నెలకు 15 యూరోలు విడిగా పెట్టండి. శీతాకాలంలో పడవ సెయింట్ బార్తలొమే దగ్గరే ఆగిపోతుంది. మే నెలలో సరస్సు అవతలి కొసన ఉన్న సాలెట్ దాకా వెళ్తుంది. అక్కడి నుంచి కొద్ది దూరం నడిస్తే ఓబర్‌జే అనే చిన్న సరస్సు వస్తుంది. అప్పటికి మీ చేతిలో ఆ టికెట్టుకు డబ్బు ఉంటుంది.