1942 పారిస్ యూదుల అరెస్టులకు, 2001లో జరిగే హత్యకు కథలో ముడి ఎలా వేయాలి?

మీరు రాస్తున్న అపరాధ పరిశోధక నవలలో 2001లో పారిస్‌లో ఒక ముసలాయన హత్య జరుగుతుంది, దాని మూలం, జర్మనీ ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1942 జులైలో జరిగిన యూదుల అరెస్టుల్లో ఉంటుంది. ఈ ముడి నమ్మేలా ఉండాలంటే ఏం చూసుకోవాలి అని అడిగారు.

చదివేవాళ్లు ఒక్కచోట గట్టిగా నిలదీస్తారు: అరవై ఏళ్లు ఊరుకున్నవాడు ఇప్పుడే ఎందుకు చంపాడు? పగ అంటే సరిపోదు. ఏదో ఒక కాగితం ఇప్పుడే బయటపడాలి. పారిస్ విషయంలో అలాంటి కాగితాలు నిజంగానే ఉన్నాయి, కాబట్టి మీరు కల్పించాల్సింది తక్కువ.

ముందు వయసుల లెక్క వేసుకోండి. 1942లో పాతికేళ్ల పోలీసుకి 2001లో 84 ఏళ్లు. హతుడిగా బాగా కుదురుతాడు, హంతకుడిగా కష్టం. కథ ఇంకా ముందుకు జరిపితే అప్పటి పసిపిల్లలో, వారసులో తప్ప ఎవరూ మిగలరు. ఆనాటి ఫ్రెంచి పోలీసు అధిపతి రెనే బుస్కే 1993 జూన్ 8న, విచారణ మొదలుకాకముందే, తన ఫ్లాట్‌లో తుపాకీ కాల్పులకు చనిపోయాడు. అప్పటికి ఆయన వయసు 84.

చట్టం కూడా ముఖ్యమే. 1964 డిసెంబరు 26 నాటి చట్టం ప్రకారం ఫ్రాన్స్‌లో మానవాళిపై జరిపిన నేరాలకు కాలపరిమితి లేదు. మామూలు దొంగతనానికి మాత్రం గడువు ఎన్నడో తీరిపోయింది. పక్కింటి యూదుల వెండి సామాను కాజేసినవాడు 2001లో జైలుకి భయపడడు. ఆస్తి పోతుందని, పరువు పోతుందని భయపడతాడు. ఈ తేడా పట్టుకోకపోతే హంతకుడి ఉద్దేశం తేలిపోతుంది.

"ఇప్పుడే ఎందుకు" అన్నదానికి మీ 2001 భలే కుదిరింది. 1995 జులై 16న అధ్యక్షుడు షిరాక్ ఆ అరెస్టుల్లో ఫ్రెంచి రాజ్యం బాధ్యతను బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1999 సెప్టెంబరులో, యూదుల నుంచి లాక్కున్న ఆస్తులకు పరిహారం తేల్చే కమిషన్ ఏర్పడింది. ఒక మనవరాలు దరఖాస్తు పెట్టుకుంటుంది, పాత ఫైలు కదులుతుంది, అందులో ఒక పేరు ఉంటుంది. హత్యకు అంతకన్నా కారణం అక్కర్లేదు.

ఇక కాగితం సంగతి. నన్నడిగితే కథంతా ద్రాన్సీ రసీదు మీద నడపండి. ద్రాన్సీ పారిస్‌కి ఈశాన్యాన, యు ఆకారంలో కట్టిన నాలుగంతస్తుల ఇళ్ల సముదాయం; నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్‌కి వెళ్లే రైళ్లు ఎక్కించేముందు యూదుల్ని అక్కడే ఉంచేవారు. అక్కడి సోదా గదిలో ఫ్రెంచి పోలీసులు డబ్బూ నగలూ తీసుకుని, రసీదు పుస్తకంలో పేరు, చిరునామా, తీసుకున్నదేమిటో రాసేవారు. చింపిన ముక్క ఖైదీ చేతికి, మిగతా ముక్క పుస్తకంలో. ఖైదీతోపాటు ఆ రసీదూ పోయింది. పుస్తకంలోని ముక్కలు చాలావరకు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఇప్పుడు ఊహించండి: ముసలాయన బీరువాలో ఒక ఉంగరం దొరికింది, లోపలివైపు పేరు చెక్కి ఉంది. ఆ పేరుతో ఉన్న ముక్కలో కొన్ని వందల ఫ్రాంకులు తప్ప ఉంగరం ఊసే లేదు. అంటే పుస్తకంలోకి ఎక్కకముందే ఎవరి జేబులోకో పోయింది. రాసి ఉన్నదానికంటే రాయకుండా వదిలేసింది ఇక్కడ బలమైన ఆధారం.

డిటెక్టివ్ 1940లో యూదుల్ని లెక్కించి రాసిన జనగణన కార్డు తీసి చూసినట్టు మాత్రం రాయకండి. ఆ కార్డుల్లో చాలా భాగం యుద్ధం తర్వాత ధ్వంసం చేసేశారు. 1991లో చరిత్ర పరిశోధకుడు సెర్జ్ క్లార్స్‌ఫెల్డ్ బయటపెట్టిన కార్డులు వేరు. అవి ఇప్పుడు పారిస్‌లోని షోవా (నాజీలు జరిపిన యూదుల నరమేధం) స్మారక కేంద్రంలో ఉన్నాయి. ఇంకొకటి, విషీ (యుద్ధకాలంలో జర్మనీకి సహకరించిన ఫ్రెంచి ప్రభుత్వం) కాలపు పోలీసు, న్యాయ దస్త్రాలను అందరికీ తెరిచింది 2015 డిసెంబరులో. 2001 కథలో ప్రత్యేక అనుమతి కావాలి, దానికి నెలలు పట్టినట్టు రాయవచ్చు. హత్య కేసు పోలీసుల ఆఫీసు అప్పటికి కె దెజ్ ఓర్ఫెవ్ర్ వీధి 36వ నంబరులోనే ఉంది, 2017లో మారింది.

అరెస్టు దృశ్యంలో దాదాపు అందరూ చేసే తప్పు, గుమ్మంలో జర్మన్ సైనికుణ్ని నిలబెట్టడం. 1942 జులై 16, 17 తేదీల్లో తలుపు తట్టింది ఫ్రెంచి పోలీసులు, ఇద్దరిద్దరుగా. పట్టుబడినవాళ్లు 13,152 మంది, అందులో పిల్లలు 4,115. అరెస్టయింది ప్రధానంగా విదేశాల నుంచి వచ్చినవాళ్లు, ఏ దేశపు పౌరసత్వమూ లేనివాళ్లు. పిల్లల్లో చాలామంది మాత్రం ఫ్రాన్స్‌లో పుట్టిన ఫ్రెంచి పౌరులే. పోలీసులకిచ్చిన ఆదేశాలు చదివితే గుండె బరువెక్కుతుంది: గ్యాసు, కరెంటు, నీళ్ల మీటర్లు కట్టేయాలి, పెంపుడు జంతువుల్ని బిల్డింగు కాపలా ఆవిడకి అప్పగించాలి, తాళంచెవి కూడా ఆవిడకే, ఆవిడ లేకపోతే పక్కింటివాళ్లకి. తాళంచెవి ఎవరి చేతిలో మిగిలిందన్న ప్రశ్న మీద ఒక అధ్యాయం నిలబడుతుంది.

చిన్న విషయాల్లోనూ జాగ్రత్త. యూదులు బట్టల మీద కుట్టుకోవాల్సిన పసుపు నక్షత్రం 1942 జూన్ 7 నుంచి, ఆరేళ్లు నిండినవాళ్లకే. మనిషికి మూడు ఇచ్చేవారు, దానికి బట్టల రేషన్‌లో ఒక పాయింటు కోసుకునేవారు. అరెస్టులకు వారం ముందు వచ్చిన ఆజ్ఞ ప్రకారం యూదులు దుకాణాలకు వెళ్లాల్సింది మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకానే, కాబట్టి పొద్దున్నే రొట్టెల క్యూలో నక్షత్రంతో నిలబడ్డ అమ్మ దృశ్యం జులై 16కి పొసగదు. పట్టుబడిన కుటుంబాల్ని ఉంచిన వెల్ దివ్ స్టేడియం లోపలి ఫొటో అని చాలాకాలం అచ్చయింది నిజానికి 1944లో పట్టుకున్న నాజీ అనుకూలురది. ఆ అరెస్టులకు తెలిసిన ఒకే ఒక్క ఫొటోలో స్టేడియం బయట ఆగిన బస్సులు తప్ప ఇంకేం లేవు. ఫొటోని ఆధారంగా వాడుకోవాలంటే ఆ బస్సుల ఫొటోనే వాడండి.

చివరగా పేర్లు. స్మారక కేంద్రంలోని గోడ మీద ఫ్రాన్స్ నుంచి తరలించిన దాదాపు 76,000 మంది పేర్లు, పుట్టిన సంవత్సరాలతో, తరలించిన ఏడాది వారీగా చెక్కి ఉన్నాయి. మీ పాత్రకి పేరు ఖాయం చేసేముందు ఆ జాబితాతో పోల్చి చూడండి. ఇంటిపేరు, పేరు, పుట్టిన సంవత్సరం మూడూ నిజంగా పోయిన మనిషితో కలిస్తే మీ పాత్ర పేరు మార్చేయండి.