వీల్‌చైర్‌లో ఉన్న పెద్దవాళ్లతో ఎవర్‌గ్లేడ్స్ వెళ్లొచ్చా? మా నాన్నను తీసుకెళ్లిన అనుభవం

డిసెంబరులో ఇండియా నుంచి మీ అత్తగారు వస్తున్నారని, ఆవిడ వీల్‌చైర్‌లోనే ఉంటారని, గుళ్లూ మాల్సూ కాకుండా చెట్లూ పిట్టలూ ఉన్న చోటు ఒక్కటైనా ఫ్లోరిడాలో చూపించాలని ఉందని రాశారు. నన్నడిగితే మరో ఆలోచన అక్కర్లేదు, ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులో అన్‌హింగా ట్రెయిల్ అనే నడకదారికి తీసుకెళ్లండి.

మా నాన్నది కైకలూరు దగ్గర పల్లెటూరు. పక్షవాతం వచ్చాక ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేయవు. కొల్లేరు పక్కన పుట్టి పెరిగిన మనిషిని ఇక్కడికి తెచ్చి రెండు నెలలు అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చోబెట్టాం. ఒకరోజు పొద్దున్నే "ఈ దేశంలో కొంగలుండవంట్రా?" అని అడిగారు. ఆ శనివారమే బయల్దేరాం.

హోమ్‌స్టెడ్ ఊరి వైపు గేటు దాటి నాలుగు మైళ్లు లోపలికి వెళ్తే రాయల్ పామ్ అనే చోటు వస్తుంది. పార్కింగ్, బాత్రూములు, దారి మొదలు అన్నీ అక్కడే. దారి మొత్తం తిరిగొస్తే 0.8 మైలు, మన లెక్కలో కిలోమీటరుంబావు. మొదటి ముక్క, పార్కు రాకముందు ఫ్లెమింగో అనే ఊరి వైపు వెళ్లిన పాత ఇంగ్రహామ్ హైవే. ఒకప్పుడు కార్లు తిరిగిన రోడ్డు కాబట్టి నేల గట్టిగా, వెడల్పుగా ఉంటుంది. ఆ రోడ్డుకి మట్టి కోసం పక్కన తవ్విన గుంటలే ఇప్పుడు లోతైన మడుగులు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వానలు బాగా తక్కువ. చుట్టూ మైళ్ల కొద్దీ గడ్డినేలలో నీళ్లు తగ్గేకొద్దీ చేపలన్నీ ఈ మడుగుల్లోకి చేరతాయి. వాటి కోసం పక్షులు, మొసళ్లు కూడా ఇక్కడికే వస్తాయి. అందుకే జంతువుల్ని వెతుక్కుంటూ మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మీరు సరిగ్గా మంచి కాలంలోనే వెళ్తున్నారు. వానాకాలంలో అయితే దోమలు మిమ్మల్ని నిలబడనివ్వవు.

రోడ్డు ముక్క అయిపోయాక నీళ్ల మీద వేసిన బల్లల దారి వస్తుంది. నేను తప్పు చేసింది ఇక్కడే. వెనక పెద్ద చక్రాలున్న కుర్చీ కావాలని అద్దె దుకాణంలో చెప్పి పెట్టుకున్నా, వాళ్లిచ్చింది నాలుగూ చిన్న చక్రాలే ఉన్న ట్రాన్స్‌పోర్ట్ చైర్. ఆసుపత్రి వరండాలో తోసుకోవడానికి పనికొచ్చేది. ఏమవుతుందిలే అనుకున్నాను. ప్రతి బల్ల సందు దగ్గరా టక్, టక్ మని దెబ్బ. వంద గజాలు పోయేసరికి నాన్న "ఎడ్లబండి మీద తీసుకెళ్తున్నావా" అన్నారు. మిగతా దారంతా నత్తనడకే. మీరు మాత్రం వెనక పెద్ద చక్రాలు, ముందు కూడా కాస్త పెద్దవి ఉన్న కుర్చీనే తెచ్చుకోండి, పైన మెత్తటి దిండు వెయ్యండి. ఎండ కూడా బాగా తగులుతుంది, టోపీ తప్పనిసరి. బాత్రూము మళ్లీ వెనక్కి వస్తేనే కాబట్టి ఆ పని ముందే చూసుకుని కదలండి. డైపర్ వేసుకోమంటే పెద్దవాళ్లు సిగ్గుపడతారు గానీ, వేసుకుంటే వాళ్లకీ టెన్షన్ ఉండదు.

ఎక్కడ ఆగినా ఒకసారి మీరు వంగి, ఆవిడ కళ్ల ఎత్తు నుంచి చూడండి. నిలబడ్డ మనకి అంతా కనిపిస్తుంది, కూర్చున్నవాళ్లకి రైలింగ్ కర్ర అడ్డం రావచ్చు. కుర్చీని ఒక అడుగు అటో ఇటో జరిపి బ్రేకు వేస్తే చాలు.

అలా జరిపి ఆపిన ఒక చోట మేం ముప్పావు గంట ఉండిపోయాం. నీళ్లలో పాము తల లాంటిది పైకి లేచింది. నేను ఉలిక్కిపడ్డాను గానీ నాన్న నవ్వారు. "పాము కాదురా, పిట్ట. ఒళ్లంతా నీళ్లలో దాచి మెడ ఒక్కటే పైకి పెడుతుంది." ఆ దారికి పేరు వచ్చింది ఆ అన్‌హింగా పిట్ట వల్లే. కొల్లేట్లో నాన్న చూసిన పాముమెడ పిట్టకి ఇది దగ్గరి చుట్టం. చేపని ముక్కుతో పొడిచి, పైకి ఎగరేసి, తల వైపు నుంచి మింగింది. తర్వాత కొమ్మ మీదికి ఎక్కి రెండు రెక్కలూ బార్లా చాపి కూర్చుంది. బాతుల ఈకల్లా కాకుండా దాని ఈకలు తడిసిపోతాయి, ఆరబెట్టుకోవాల్సిందే. కింద గట్టు మీద రెండు ఆలిగేటర్లు దుంగల్లా పడున్నాయి. "అంతా మన కొల్లేరేరా, మొసళ్లు తగిలించారంతే" అన్నారు నాన్న. పక్షవాతం తర్వాత ఆయన నోట అన్ని మాటలు ఒక్కరోజులో నేను వినలేదు.

ఆలిగేటర్లకి కనీసం 15 అడుగుల దూరంలో ఉండాలని పార్కు నియమం. ఒక్కోసారి అవి దారి అంచునే పడుకుంటాయి. కుర్చీని గబుక్కున వెనక్కి తిప్పడం కష్టం కాబట్టి, ఒకరు నాలుగు అడుగులు ముందు నడవండి.

ఆవిడకి ఓపిక ఉంటే ఇంకా లోపల పహాయొకీ, మహోగనీ హమ్మాక్ దగ్గర కూడా బల్లల దారులున్నాయి, రెండూ పొట్టివే. మేం పహాయొకీలో ఆగి గడ్డి సముద్రాన్ని చూసి తిరిగొచ్చేశాం. రోజుకి ఒకటి రెండు చాలు. ఇదే పార్కులో షార్క్ వ్యాలీ అనే చోట తిప్పి చూపించే ట్రామ్ బండి బాగుంటుందని చాలామంది చెబుతారు. 15 మైళ్ల చుట్టు, రెండు గంటలు కూర్చునే చూడొచ్చు. కానీ దాని గేటు వేరు, పైన 41వ నంబరు రోడ్డు మీద ఉంటుంది, ఈ గేటు నుంచి లోపల దారి లేదు. వెళ్లేట్టయితే వీల్‌చైర్ ఉందని ముందే ఫోన్‌లో చెప్పి బుక్ చేసుకోండి.

డబ్బు సంగతి. పార్కు టికెట్ కారుకి 35 డాలర్లు, ఏడు రోజులు పనిచేస్తుంది. శాశ్వత వైకల్యం ఉన్నవాళ్లకి జీవితకాలం చెల్లే యాక్సెస్ పాస్ ఉంది గానీ అది అమెరికా పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. మీ అత్తగారు విజిటర్ వీసా మీద వస్తే అది రాదు. పైగా 2026 జనవరి నుంచి ఈ పార్కుతో కలిపి 11 పార్కుల్లో, అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు నిండినవాళ్లకి మనిషికి మరో 100 డాలర్లు పెట్టారు. గేటు దగ్గర ఉలిక్కిపడకుండా పార్కు సైట్‌లో ఒకసారి చూసుకుని వెళ్లండి.

ఒకటి మర్చిపోయాను, రాబందులు. రాయల్ పామ్ పార్కింగ్‌లో అవి కార్ల వైపర్లు, కిటికీల రబ్బరు పీకి పారేస్తాయి. అందుకని పార్కువాళ్లే టార్పాలిన్లు, కట్టుకునే తాళ్లు పెడతారు. నేను బుద్ధిగా కారు మొత్తం కప్పాను. తిరిగొచ్చాక టార్పాలిన్ తీసి, నాన్నని సీట్లోకి ఎక్కించి, బెల్టు పెట్టి వెనక్కి తిరిగేసరికి రాబందు ఒకటి వీల్‌చైర్ చేతిపట్టె మీది స్పాంజి పీకుతోంది. అద్దె దుకాణంలో రాబందు కొరికిందని చెబితే నమ్మలేదు, 20 డాలర్లు పట్టుకున్నారు.