గాల్లో ఇంధనం అయిపోయిన విమానం

ప్రశ్న: కెనడాలో ఇంధనం లెక్క తప్పి ఓ విమానం గాల్లోనే ఆగిపోయిందట. తప్పు ఎక్కడ జరిగింది? ఎలా దిగింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: 1983 జులై 23న మాంట్రియల్ నుంచి ఒట్టావా మీదుగా ఎడ్మంటన్ వెళ్తున్న ఎయిర్ కెనడా బోయింగ్ 767 అది. ఇంధన మీటర్లు పనిచేయకపోవడంతో ట్యాంకులను కడ్డీతో కొలిచారు. కావాల్సింది 22,300 కిలోలు, ఉన్నది 7,682 లీటర్లు. లీటరు ఇంధనం బరువు 0.803 కిలోలు. సిబ్బంది మాత్రం 1.77తో హెచ్చవేశారు. అది లీటరు బరువును పౌండ్లలో చెప్పే అంకె! అలా 13,597 కిలోలు ఉన్నాయనుకుని 4,916 లీటర్లే పోయించారు. నిజానికి పోయాల్సింది 20,088 లీటర్లు. ఒట్టావాలో మళ్లీ కొలిచారు కానీ హెచ్చవేత అదే అంకెతో. కొలత ఎన్నిసార్లు సరిచూసినా ప్రమాణం తప్పయితే పట్టుబడదు.

41,000 అడుగుల ఎత్తున హెచ్చరికలు మొదలై, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగాయి. గాలివేగానికి తిరిగే చిన్న టర్బైన్ బయటికొచ్చి కంట్రోళ్లకు శక్తినిచ్చింది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు ఇంజన్ లేకుండా ఎగిరే గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. గిమ్లీలోని పాత వైమానిక స్థావరం దగ్గరికి చేరేసరికి విమానం దిగడానికి తగినదానికంటే ఎక్కువ ఎత్తులో ఉంది. తోక దగ్గరి చుక్కాని లాంటి రడ్డర్‌ను ఒకవైపు, రెక్కల కంట్రోల్‌ను రెండోవైపు తిప్పి, విమానాన్ని పక్కకు వాల్చి ఎత్తు తగ్గించారు. అద్భుతమైన నేర్పు! ముందు చక్రం లాక్ కాక ముక్కు నేలకు రాసుకుంది. ఆ రాపిడి కూడా ఆపడానికి తోడ్పడింది. అందులోని 69 మందీ బతికారు.