దీవుల చెత్త మీద పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం. లక్షద్వీప్ లాంటి చోట్ల చెత్త నిర్వహణ విధానాలు రూపొందించే పని చేస్తానంటోంది. పబ్లిక్ పాలసీలో పీజీ చేయించాలా, ఎంటెక్ మంచిదా?
– ఒక తండ్రి, ఉప్పల్

జవాబు: ముందు ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్. దీవుల్లో ఏ విధానమైనా నిలబడాలంటే భూగర్భజలం, ఓడల రాకపోకల లెక్క తేలాలి. లక్షద్వీప్‌వి పగడపు దీవులు. ఉప్పునీటి మీద పలచని పొరగా మంచినీరు తేలుతుంటుంది. గొయ్యి తీసి చెత్త పోస్తే దాన్నుంచి కారే మురికి ఊట నేరుగా ఆ మంచినీటిలోకే దిగుతుంది. హైదరాబాద్‌లోని జవహర్‌నగర్ లాంటి డంపింగ్ యార్డు అక్కడ కుదరదు. పొడి చెత్త ఓడెక్కి ప్రధాన భూభాగానికి రావాల్సిందే.

ఈ లెక్క మీ అమ్మాయిని చేయమనండి. ఒక దీవి జనాభా 10 వేలు, మనిషికి రోజుకు 300 గ్రాములు అనుకుంటే 3 టన్నులు. అందులో పావు వంతు పొడి చెత్త అయితే 750 కిలోలు. వానాకాలంలో 120 రోజులు సరుకు కదలకపోతే 90 టన్నులు పోగవుతుంది. వదులుగా, ఘనపు మీటరుకు 50 కిలోల చొప్పున, 1,800 ఘనపు మీటర్ల గోదాం కావాలి. చెత్తను నొక్కి కట్టలు కట్టే బేలింగ్ యంత్రంతో ఘనపు మీటరుకు 300 కిలోలు పట్టేలా నొక్కితే 300 ఘనపు మీటర్లు చాలు. అయితే ఉప్పుగాలికి యంత్రం తుప్పు పడుతుంది, విడిభాగాలూ ఓడ మీదే రావాలి. ఈ ఖర్చు రాయని నివేదికలే ఎక్కువ.

తడి చెత్తకు బయోగ్యాస్ అని తేలిగ్గా రాసేస్తారు. చాలా ప్లాంట్లలో చెత్తకు సమానంగా నీళ్లు కలపాలి. అవెక్కడివి? కంపోస్టే నయం. కొబ్బరి పీచు ఒక్కటే అయితే త్వరగా కుళ్లదు. ముక్కలు చేసి చేపల వ్యర్థాలతో కలిపి, కార్బన్–నైట్రోజన్ నిష్పత్తి 25–30, తేమ 50–60 శాతం ఉండేలా చూడాలి.

ఎంటెక్‌కు గేట్ రాయాలి. సివిల్ పేపరు గానీ, 2021లో మొదలైన ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపరు గానీ ఎంచుకోవచ్చు. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ బాంబే చూడండి. ఈ సెలవుల్లో మునిసిపల్ అనుమతితో ఒక స్వచ్ఛ ఆటో చెత్తను వారం పాటు తూకం వేయించండి: కుప్ప కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని, మళ్లీ అలాగే తగ్గించి, రకాలుగా వేరుచేయాలి. ఒక్కరోజు తూకం మీద ఆధారపడొద్దు. ఆదివారం మాంసం వ్యర్థాలే లెక్క మార్చేస్తాయి.

2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లో కొండ ప్రాంతాలకు, దీవులకు ప్రత్యేక నిబంధనలున్నాయి. స్థానిక సంస్థలు పర్యాటకుల నుంచి రుసుము వసూలు చేయవచ్చు. పాలసీ చదువు ముందుగా ఆ నియమాలతోనే మొదలుపెట్టమనండి, పబ్లిక్ పాలసీలో పీజీ మాత్రం రెండేళ్లు ఉద్యోగం చేశాక చేయవచ్చు. దీవులకంటూ ఉద్యోగాలు తక్కువ; కన్సల్టెన్సీలు, కాలుష్య నియంత్రణ మండళ్ల దారిన వెళ్లడమే మేలు. మలయాళం నేర్చుకుంటే లక్షద్వీప్‌లో పనికొస్తుంది, అక్కడి మినికాయ్ దీవిలో మాత్రం మహల్ అనే భాష మాట్లాడతారు.