పాత తూటాల పెట్టె మీది ‘మూడు డ్రాములు’ అంటే ఏమిటి?

వారసత్వంగా వచ్చిన పన్నెండు బోరు తుపాకీతో దొరికిన తూటాల పెట్టె మీద ‘3 డ్రాములు, 1⅛ ఔన్సు’ అని ఉందనీ, పొగరాని మందును (ఇప్పటి తూటాల్లో వాడే తుపాకిమందును) కూడా అంతే తూచి నింపవచ్చా అనీ అడిగారు. ఎట్టి పరిస్థితుల్లోనూ నింపకూడదు. ఔన్సు అంకె సీసపు గుళ్ల బరువు. డ్రాము, అంటే ఔన్సులో పదహారో వంతు, సుమారు 1.77 గ్రాములు, నల్లటి పాతరకం మందుకు వాడిన కొలత. అంతే బరువు పొగరాని మందు పోస్తే గొట్టం పగిలిపోతుంది. కొత్త మందు వచ్చాక కూడా వేటగాళ్లు డ్రాముల లెక్క మానలేదు కనుక, తయారీదారులు ‘ఇన్ని డ్రాముల పాతమందుతో వచ్చే వేగం’ అనే అర్థంలో ఆ అంకెనే అచ్చువేస్తూ వచ్చారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర నేను ఈ పని పాత పనిముట్లతోనే నేర్చుకున్నాను. ఇత్తడి అడుగున్న కాగితపు గొట్టంలో టోపీని (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న మూతను) అదిమి, కొలగరిటెతో నల్లమందు పోసి, అట్టబిళ్లనూ దానిపై కొవ్వు పట్టించిన మందపాటి ఉన్నిబిళ్లనూ దించి, గుళ్లు పోసి, పైన పలుచని అట్ట పెట్టాక, బల్ల అంచుకు బిగించిన చేతిమరను తిప్పితే కాగితపు అంచు లోపలికి చుట్టుకునేది. ఉన్నిబిళ్ల అలంకారం కాదు. పాతమందు కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. బిళ్ల వాయువును వెనకే ఆపుతూ, దానిలోని కొవ్వుతో ఆ మసిని మెత్తబరుస్తుంది.

చేతిమరను అవసరానికి మించి నొక్కడం నా తొలి పొరపాటు. మడత అందంగానే వచ్చింది కానీ, కాగితం పక్కకు ఉబ్బి, తూటాల్లో సగం తుపాకీ గదిలోకి (గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోకి) దూరనేలేదు. చెమ్మ తగిలిన కాగితంతోనూ ఇదే తంటా. ఇత్తడి తూటాలకు ఆ బెడద లేదు.

1830ల్లో ఫ్రెంచి తుపాకుల తయారీదారు లెఫోషో రూపొందించిన పిన్ తూటాకు, దెబ్బ తగిలితే పేల్చే మేకు పక్కన పొడుచుకుని ఉండేది (దాన్ని జేబులో వేసుకుని తిరిగినవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి). 1861లో బ్రిటన్‌లో జార్జ్ డా అనే తుపాకుల తయారీదారు అమ్మకానికి తెచ్చిన, అడుగు మధ్యలో టోపీ ఉండే తూటాతో అది క్రమంగా కనుమరుగైంది.

మీ తుపాకీ గది పొడవు కూడా కొలిపించండి. చాలా పాతవాటిలో అది రెండున్నర అంగుళాలే. రెండు ముప్పావు అంగుళాల తూటా మడతపెట్టి ఉన్నప్పుడు అందులో పట్టేసినా, పేలగానే విచ్చుకున్న అంచు ముందున్న ఇరుకులోకి చొచ్చుకుపోయి పీడనాన్ని పెంచుతుంది. గొట్టం మీది పరీక్షముద్రలు (గొట్టం బలాన్ని పరీక్షించాక కొట్టే గుర్తులు) ఏ మందుకు వేసినవో నిపుణుడు చదివి చెప్పేదాకా, ఆ పెట్టెలోని తూటాలను పేల్చకండి.