బ్యాక్టీరియా రేడియోధార్మికతను తగ్గించగలదా?

ప్రశ్న: రేడియోధార్మిక కాలుష్యాన్ని కొన్ని రకాల బ్యాక్టీరియా శుభ్రం చేస్తుందని చదివాను. అది ఎలా సాధ్యం? అణు వ్యర్థాలను కూడా అవి నిర్వీర్యం చేయగలవా?

జవాబు: నిర్వీర్యం చేయలేవు. రేడియోధార్మికత పరమాణు కేంద్రకానికి చెందిన ధర్మం కాగా, సూక్ష్మజీవుల చర్యలన్నీ దాని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లతోనే జరుగుతాయి. రేడియోధార్మిక సీజియం-137 అర్ధాయువు (అందులో సగం క్షీణించడానికి పట్టే కాలం) సుమారు 30 ఏళ్లు; అందులో ఒక్క రోజును కూడా ఏ సూక్ష్మజీవీ తగ్గించలేదు. అయితే కలుషిత మూలకం నీటిలో కరిగి పారిపోతుందా, మట్టిలోనే ఉండిపోతుందా అన్నది చాలాచోట్ల వాటి చేతుల్లోనే ఉంటుంది.

యురేనియాన్నే తీసుకుందాం. ఆక్సిజన్ ఉన్న భూగర్భజలంలో అది +6 ఆక్సీకరణ స్థితిలో (అంటే ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో) ఉండి, కార్బొనేట్లతో కలిసి సులువుగా కరుగుతుంది. ఆక్సిజన్ అందని చోట జియోబ్యాక్టర్, షెవనెల్లా వంటి బ్యాక్టీరియా తమ ఆహారం నుంచి వెలువడే ఎలక్ట్రాన్లను యురేనియానికి అందించి, దాన్ని అంతగా కరగని +4 స్థితికి మారుస్తాయి. ఈ సంగతిని సూక్ష్మజీవ శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ బృందం 1991లో వెల్లడించింది. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, రైఫిల్ వద్ద పాత యురేనియం శుద్ధి కర్మాగార స్థలంలో 2002లో బ్యాక్టీరియాకు ఆహారంగా అసిటేట్‌ను భూగర్భజలంలోకి పంపినప్పుడు జియోబ్యాక్టర్ విస్తారంగా పెరిగి, నీటిలో యురేనియం తగ్గింది. తీరా కొన్ని వారాలకు సల్ఫేట్‌ను వాడుకునే బ్యాక్టీరియాది పైచేయి కావడంతో యురేనియం మళ్లీ పెరగసాగింది. పైగా ఆక్సిజన్ గానీ నైట్రేట్ గానీ చేరితే, మట్టిలో నిలిచిన యురేనియం తిరిగి కరగవచ్చు. కాబట్టి దీన్ని శుభ్రపరచడం అనడం కంటే కట్టడి చేయడం అనడమే సబబు.

5,000 గ్రేల (గ్రే అంటే శరీరం గ్రహించే వికిరణానికి కొలమానం) వికిరణాన్ని తట్టుకునే డైనోకాకస్ రేడియోడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియా పేరు మీరు విని ఉండవచ్చు (చికిత్స అందకపోతే మనిషికి 5 గ్రేలే ప్రాణాంతకం). తట్టుకున్నంత మాత్రాన అది కాలుష్యాన్ని తొలగిస్తుందని అనుకోకూడదు.

ఇక వ్యర్థాల నిల్వలో సూక్ష్మజీవుల పాత్ర రెండు వైపులా ఉంటుంది. తక్కువ స్థాయి వ్యర్థాల్లోని కాగితం, గుడ్డ, కలప సిమెంటు క్షారతకు విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే ఐసోశాకరినిక్ ఆమ్లం, ప్లుటోనియం వంటి లోహాలను పట్టుకుని నీటిలోకి చేరుస్తుంది. ఆ ఆమ్లాన్ని ఆహారంగా తీసుకునే బ్యాక్టీరియా ఈ ముప్పును తగ్గిస్తుంది. మరోవైపు సల్ఫేట్ నుంచి సల్ఫైడ్‌ను తయారుచేసే బ్యాక్టీరియా, రియాక్టర్లలో వాడిన అణు ఇంధనాన్ని భద్రపరిచే రాగి పెట్టెలను తినివేయగలదు. అందుకే స్వీడన్, ఫిన్లాండ్ దేశాల పద్ధతిలో ఆ పెట్టెల చుట్టూ, సూక్ష్మజీవులు చురుకుగా బతికే చోటు మిగలనంత గట్టిగా అదిమిన బెంటొనైట్ బంకమట్టిని నింపుతారు.